కర్త యెవరు?

తెలుగువాడు తన నిత్యవ్యవహారమున ఒక సూక్ష్మభేదమును పాటించుచున్నాడు, పాటించుచున్నట్లు తానెఱుగడు. పొలమునకు పోయినపుడు “నేను పోయితిని” అనును. పద్దు వ్రాసినపుడు “నేను వ్రాసితిని” అనును. ఆకలిని గూర్చి మాత్రము అట్లనడు. ఆకలి తనకు వేయును, నిద్ర తనకు పట్టును, కోపము తనకు వచ్చును, ఆలోచన తనకు తోచును, బుద్ధి తనకు పుట్టును. ఇవి యన్నియు వేళ గాని వేళ వచ్చి దిగిన చుట్టములు. తాను వానికి విడిదియిల్లు మాత్రమే. బాగుగనే యున్నది. కాని పొలమునకు పోవలెనను బుద్ధి పుట్టిన పిమ్మటనే గదా కాలు కదలినది? పుట్టిన బుద్ధికి తాను కర్త గానపుడు, ఆ బుద్ధి కదల్చిన కాలికి తానెట్లు కర్త యయ్యెను? రచ్చబండయొద్ద తగవులు తీర్చు పెద్దలకు ఈ చిక్కు చిరపరిచితమే. “నేను కొట్టలేదండీ, చేయి లేచిపోయినది” అని యొకడును, “నోరు జాఱినది గాని నేననలేదు” అని వేఱొకడును చెప్పుకొనుచుండుట వారెన్నడును విననిది కాదు. పాణిని స్వతంత్రముగ ప్రవర్తించుదానిని కర్త యని నిర్వచించి యూరకుండెను. ఆ స్వాతంత్ర్యము ఎంతమట్టుకు నిజమో విచారించుట వ్యాకరణమునకు పని కాదు.

ఆ పనిని ఇటీవలి కాలమున నాడీవైద్యులు చేపట్టిరి. వారు కనుగొన్నవాని వార్తలు మన పట్టణములకు చేరునప్పటికి రెండు వికృతరూపములను ధరించుచున్నవి. చదువుకొన్న యువకులు కొందఱు, దేవుడును ఆత్మయు మెదడులో నొక మూల జరుగు విద్యుద్వ్యాపారమే యనియు, ఆ మూలను కోసివేసినచో భక్తియు పోవుననియు ధీమాగ చెప్పుచున్నారు. సభావేదికలమీద మఱికొందఱు, ఇది యంతయు మన ఋషులు ముందే చెప్పియున్నారనియు, పాశ్చాత్యులు ఇప్పటికి కన్ను తెఱచిరనియు పలికి చప్పట్లు కొట్టించుకొనుచున్నారు. ఇరుతెగలవారును ఆ పరిశోధనలను చదివినట్లు మాకు కానరాదు. జరిగినదేమో ముందు చెప్పి, మా యభిప్రాయమును పిమ్మట మనవి చేసెదము.

కనడాదేశమున మాంట్రియల్ నగరమునందు 1934లో ఒక నాడీవైద్యసంస్థ నెలకొల్పబడెను. దాని స్థాపకుడగు వైల్డర్ పెన్‌ఫీల్డు మూర్ఛరోగులకు తల తెఱచి చికిత్స చేయుటలో ప్రసిద్ధి కెక్కిన శస్త్రవైద్యుడు. మెదడునకు స్వయముగ నొప్పి తెలియదు. అందుచేత నెత్తిచర్మమునకు మాత్రము మొద్దుబాఱుటకు మందిచ్చి, రోగిని మేల్కొలిపియే యుంచి, అతనితో మాటలాడుచు శస్త్రచికిత్స చేయుదురు. ఏ భాగము మాటకు, ఏ భాగము చేతికి ఆధారమో తెలిసికొని, దానిని తప్పించి, దోషభాగమును మాత్రమే తీసివేయుట దీని యుద్దేశము. పెన్‌ఫీల్డు మెదడుమీద నొకచోట మిక్కిలి స్వల్పమైన విద్యుత్తును తాకించునప్పటికి రోగి చేయి పైకి లేచెడిది. ఇదేమి యని యడిగినచో, ఇది తాను చేసినది కాదనియు, వైద్యుడే చేయించెననియు రోగి చెప్పెడివాడు. వైద్యుడు వందలకొలది రోగులయందు ఇట్టి పరీక్షలు చేసెను. చేయి కదలినది, పాతజ్ఞాపకములు మేల్కొనినవి, పాటలు వినవచ్చినవి. కాని ఏ చోట తాకించినను రోగి తనంతట తాను నిశ్చయించుకొన్నట్లు చెప్పలేదు. విద్యుత్తు చేతిని పట్టుకొనెను గాని కర్తను పట్టుకొనలేకపోయెను. మనస్సు మెదడుకంటె వేఱని తలచుటయే తనకు సమంజసముగ తోచుచున్నదని ఆయన తన వార్ధక్యమున, 1975లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను.

కథ అంతటితో ముగిసిన బాగుండెడిది, ముగియలేదు. 1991లో అమెరికావైద్యులు నుదుటిభాగమున మెదడు రెండు పాళ్లును ఎదురెదురుగ నుండుచోట విద్యుత్తు తాకింపగా, చేయి కదలకుండగనే, కదల్పవలెనను ఆత్రము తమకు కలుగుచున్నదని రోగులు చెప్పిరి. 2009లో ఫ్రాన్సుదేశమున లియాన్ నగరపు పరిశోధకులు దీనిని మఱింత విశదముగ చూపిరి. వారు పరీక్షించినది 7గురు రోగులను మాత్రమే. కాని ఫలితము విచిత్రమైనది. నడినెత్తికి వెనుకప్రక్కనున్న భాగమున విద్యుత్తు తాకించినప్పుడు, చేయియో కాలో కదల్పవలెననియు, మాట పలుకవలెననియు బలమైన కోరిక రోగులకు పుట్టెను. అది బయటినుండి వచ్చినట్లు వారికి తోచలేదు. తమ కోరికయే యనుకొనిరి. విద్యుత్తును కొంత హెచ్చింపగా, తాము కదలితిమనియే, పలికితిమనియే వారు నమ్మిరి. కండరములలో మాత్రము చలనమన్నది ఇసుమంతయు లేదు. దానికి ముందుభాగమున తాకించినప్పుడు ఇందుకు సరిగా తలక్రిందుగ జరిగెను: చేయి కదలెను, నోరు కదలెను, రోగి మాత్రము తాను కదలనే లేదనెను.

ఈ రెండు ఫలితములను పాఠకమహాశయులు ప్రక్కప్రక్కన బెట్టి యాలోచింప ప్రార్థితులు. ఒకచోట క్రియ యున్నది, కర్తృత్వబుద్ధి లేదు. మఱియొకచోట కర్తృత్వబుద్ధి యున్నది, క్రియయే లేదు. చేయుట యనునది యొకటి, చేసితినని యనుకొనుట వేఱొకటి. రెండును సాధారణముగ జంటయెడ్లవలె కలిసి నడచుచుండుటచేత ఒకటే యని భ్రమించితిమి. కాడి విప్పినచో వేఱువేఱుగ నడవగలవు.

కాడి ఎట్లు కట్టబడియున్నది? దీనికి శాస్త్రజ్ఞులు చెప్పు సమాధానము మన కచ్చేరీలలో పనిచేసినవారికి సులభముగ బోధపడును. జాబు పంపునప్పుడు నకలొకటి దఫ్తరులో నుంచుకొందురు గదా! మెదడును అట్లే చేయును. చేతికి ఉత్తరువు పంపునప్పుడే, దాని నకలును స్పర్శభాగములకును పంపి, ఇట్టి కదలిక రానున్నదని ముందుగ తెలియజేయును. కదలిక జరిగి, దాని సమాచారము తిరిగి వచ్చినప్పుడు నకలుతో సరిచూచి, సరిపోయినచో “ఇది మనదే” యని ప్రక్కన బెట్టును. తన్ను తాను చక్కిలిగింతలు పెట్టుకొని నవ్వగలవాడు లేకుండుటకు కారణమిదియే యని 1998లో లండనునగరమున జరిగిన ప్రయోగములవలన తేలినది. పరులు పెట్టిన చక్కిలిగింతకు నకలు లేదు. కావున నవ్వు వచ్చును. ఇక ఆ నకలు దఫ్తరులో గల్లంతయినచో? అప్పుడు తన జాబునకు వచ్చిన ప్రత్యుత్తరమే అపరిచితుడు వ్రాసిన యుత్తరమువలె కనబడును. తన తలపే ఎవరో చెవిలో చెప్పినట్లుండును. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. మరల దీనితో పని యున్నది.

సాన్‌ఫ్రాన్సిస్కోలో బెంజమిన్ లిబెట్ 1983లో ప్రకటించిన ప్రయోగమును గూర్చి వినని చదువరి నేడరుదు. ఇచ్చ వచ్చినప్పుడు మణికట్టు కదల్పుమని యొకని కూర్చుండబెట్టి, 2.56 సెకనులకొక చుట్టు తిరుగు చుక్కను చూపుచు, కదల్పవలెనని తోచిన క్షణమున చుక్క ఎచ్చటనున్నదో చెప్పుమనిరి. తోచుట కదలికకు సెకనులో ఐదవవంతు ముందు. మెదడులోని విద్యుత్సన్నాహము సగము సెకనునకు పైగా ముందు. అనగా మనిషి నిశ్చయించుకొనకముందే మెదడు సన్నద్ధమైనదన్నమాట. సంకల్పస్వాతంత్ర్యము చచ్చినదని పత్రికలు చాటింపు వేసినవి. మా మట్టుకు మాకది తొందరపాటుగ కనబడుచున్నది. చెఱువులో గాలికి అలలు లేచుచు పడుచునే యుండును. ఒక యల గట్టు దాటినది. దాటిన క్షణమునుండి వెనుకకు లెక్కించుచు పోయినచో, నీరు చాలసేపటినుండి పైకెక్కుచుండెననియే తోచును. ఆ సన్నాహమును ఇట్టిదే కావచ్చునని 2012లో ఫ్రాన్సులోని పరిశోధకులు లెక్కలు గట్టి చూపిరి. అదియునుగాక, మణికట్టు ఊరక కదల్చుట వేఱు. కుమార్తె వివాహమునకు రెండెకరములు అమ్ముటయా మానుటయా యని ఆఱునెలలు నిద్ర లేక తలపోయుట వేఱు. మొదటిదాని కొలత రెండవదానికి చాలదు. పుట్టిన బుద్ధిని కడపటిక్షణమున వలదని యాపుటకు వ్యవధి కలదని లిబెట్ తానే యంగీకరించెను. ఆ మాటను మాత్రము చాటింపు వేసినవారు చెవిని బెట్టలేదు.

కర్తృత్వమునకు ఇట్టి గతి పట్టినప్పుడు, ఆ కర్తృత్వమును విడుచుటయే పరమార్థమని బోధించు ఆధ్యాత్మికానుభవమున కేమి గతి? ఇచ్చట మన దేశముపేరు గౌరవముతో చెప్పవలసియున్నది. ఢిల్లీలో 1956లో నెలకొన్న అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో బి. కె. ఆనంద్, జి. ఎస్. ఛీనా, బల్దేవ్ సింగ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు సమాధియందున్న యోగుల మెదడు విద్యుత్తరంగములను గ్రహించి 1961లో ప్రకటించిరి. మామూలుసమయమున వెలుగు చూపినను, చప్పుడు చేసినను, వేడి గాజుగొట్టము తాకించినను చెదరిపోవు తరంగములు సమాధియందు చెదరలేదు. ఇద్దఱు యోగులు 4 డిగ్రీల చలినీటిలో 45 మొదలు 55 నిమిషముల వఱకు చేయి యుంచియు బాధపడలేదు. పరాధీనత తొలగి పదునాలుగేండ్లకే, మన విద్యను మన పనిముట్లతో మనవారే పరీక్షించిన ఘనత యిది. కాని సమాధిపరీక్షకు నిలిచినది నలుగురు యోగులు మాత్రమేయని మఱువరాదు. వారు నమోదుచేసినది ఒక దేహస్థితిని గాని మోక్షమును కాదు. అట్లని వారు చెప్పుకొననును లేదు.

2010లో ఇటలీదేశపు వైద్యులు మెదడులో గడ్డలు తొలగింపబడిన రోగులను, శస్త్రచికిత్సకు ముందును పిమ్మటను ప్రశ్నించిరి. నడినెత్తికి వెనుకభాగమున, అనగా లియాన్ ప్రయోగమున కోరిక పుట్టించిన తావునకు సమీపముననే, కొంత భాగమును కోల్పోయినవారికి, తనకంటె పెద్దదగు దేనితోనో తాను కలిసియున్నానను భావము కొలదిదినములలోనే హెచ్చెను. 2021లో బోస్టనునగరపు మైకేల్ ఫెర్గూసన్ ప్రభృతులు 88మంది రోగుల వృత్తాంతమును పరిశీలించిరి. శస్త్రచికిత్సానంతరము వారిలో 30మందికి ఆధ్యాత్మికత తగ్గినది, 29మందికి హెచ్చినది, 29మందికి మాఱలేదు. ఈ భేదమున కాధారమగు నాడీజాలమునకు, మెదడుకాండములో లోలోపలనున్న ఒక చిన్న ధూసరభాగముతో సంబంధమున్నట్లు వారు కనుగొనిరి. ఆ భాగము నొప్పి, భయము, మమత మున్నగువానితో సంబంధించిన మిక్కిలి పురాతనమైన స్థానము. అంతకంటె ముఖ్యమైన సంగతి వేఱొకటి కలదు. అన్యహస్తమను నొక రోగమున్నది: రోగి కుడిచేయి గుండీలు పెట్టుచుండగా ఎడమచేయి వానిని విప్పివేయును, అది తన యాజ్ఞకు లోబడదు. అట్టి రోగమును కలిగించు గాయములును, ఆధ్యాత్మికతను హెచ్చించు గాయములును ఒకే జాలమున ఒకే పక్షమున చేరియున్నవి. “నేను చేయుటలేదు” అను రోగియు, “నేను చేయుటలేదు” అను భక్తుడును ఒకే వీధిలో ప్రక్కప్రక్కయిండ్లలో నున్నారన్నమాట. అంతమాత్రమున భక్తి రోగము కాదని ఆ శాస్త్రజ్ఞులే హెచ్చరించిరి. పొరుగువారు ఒకే కుటుంబమువారు గానక్కరలేదు.

“మెదడులో దేవుని స్థానము” అను మాటకు మాత్రము ఆధారములు బలహీనము. కనడాలో నొక శాస్త్రజ్ఞుడు అయస్కాంతములు కూర్చిన శిరస్త్రాణమును తగిలించి, అదృశ్యమైన దేదో చేరువ నున్నట్లు తోపింపవచ్చునని ప్రకటించి పేరుపడెను. 2005లో స్వీడనువారు, శిరస్త్రాణము పనిచేయుచున్నదో లేదో పరీక్షకునకును పరీక్షితునకును తెలియకుండ జరిపి చూడగా, అయస్కాంతమునకు ప్రభావము కనబడలేదు. సూచనలకు సులభముగ లొంగువారికే యనుభవములు కలిగినవి. 2006లో మాంట్రియల్‌లో 15గురు కార్మెలైటు సన్న్యాసినుల మెదళ్లను చిత్రించిరి. పరీక్షాసమయమున భగవత్సాన్నిధ్యమును పొందుడని యడుగగా, దేవుడు తాము పిలిచినప్పుడు వచ్చువాడు కాడని వారు బదులు చెప్పిరి. తుదకు, పూర్వము కలిగిన యనుభవమును స్మరింపుమని కోరవలసివచ్చెను. మెదడులో ఒకటి కాదు, అనేకభాగములు మేల్కొనినవి. చిత్రములకంటె ఆ సన్న్యాసినుల బదులే మాకు ఎక్కువ విలువగలదిగ తోచినది. కర్తృత్వమున కెల్ల యచ్చట నొక చివర యున్నదని వారు యంత్రమున కెక్కకముందే యెఱుగుదురు.

ఇక మా యభిప్రాయము. కంటికి సంబంధించిన మస్తిష్కభాగమును విద్యుత్తుతో తాకించినచో వెలుగు కనబడును. అందుచేత సూర్యుడు లేడని యెవడైన ననునా? కూడికలు చేయుటకును మెదడులో తావున్నది. అందుచేత రెండును రెండును నాలుగు కాకపోవునా? కావున మొదటి తెగ యువకుల వాదము నిలువదు. అయితే, విద్యుత్తు తాకించుటవలన కనబడిన వెలుగు సూర్యుడున్నాడనుటకు సాక్ష్యమును కాదు. కావున వేదికమీది పెద్దల చప్పట్లకును ఆధారము లేదు.

వారియెడ మా ఫిర్యాదు మఱింత గట్టిది. “మనవారు ముందే చెప్పిరి” అనువారు మనవారు చెప్పినది చదువరు. ఈ కర్తృత్వవిషయమున మన పూర్వులు ఏకకంఠముతో పలుకలేదు, శతాబ్దములు పోరాడిరి. చేయునది ప్రకృతియే, పురుషుడు చూచువాడు మాత్రమే యని సాంఖ్యులనిరి. ఆ మాటను బాదరాయణుడొప్పక, జీవుడు కర్త గానిచో విధినిషేధములు చెప్పు శాస్త్రమే వ్యర్థమగునని వాదించి, అందులకై ఒక యధికరణమునే కేటాయించెను. భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమున కర్మకు ఐదు హేతువులు చెప్పబడినవి. దేహమొకటి, కర్త యొకటి, ఇంద్రియములొకటి, నానావిధవ్యాపారములొకటి, దైవమైదవది. ఐదింటిలో కర్తకొక పాలున్నది. సర్వస్వమును లేదు, శూన్యమును లేదు. మాకిది వైద్యులు నేడు చెప్పుచున్న సంగతులకు విరుద్ధముగ తోచదు. అట్లని గీతాకారుడు మెదడు కోసి చూచెనని చెప్పుట ఆయనకు గౌరవము కాదు.

కాని మనలో ప్రచారమున నున్నది ఈ వాదములేవియు కావు. ప్రచారమున నున్నది “నేను నిమిత్తమాత్రుడను” అను నొక్క మాట. అర్జునుడు యుద్ధమునకు లేచుటకు చెప్పబడిన మాటను, మనము పనినుండి తప్పించుకొనుటకు వాడుచున్నాము. ఇది యెవరు, ఎప్పుడు పలుకుచున్నారో గమనింపుడు. వడ్డీ లెక్కగట్టునప్పుడు షావుకారు కర్తయే. నయాపైసకూడ దైవమునకు విడువడు. బాకీదారుని యిల్లు వేలమునకు వచ్చిననాడు మాత్రము అంతయు వాని ప్రారబ్ధము, తాను నిమిత్తమాత్రుడు. పంట పండినచో ఆసామి సేద్యము; కౌలుదారు ఉరి వేసికొన్నచో విధివిలాసము. ఇట్టి వేదాంతమును కనుగొనుటకు ఏ మస్తిష్కభాగమును తెఱచి చూడనక్కరలేదు.

నిజముగ అహంకారము సడలిన వానికి గుర్తేమి? మెదడుచిత్రము చెప్పలేదు. గాయముచేత సడలినను, సాధనచేత సడలినను చిత్రము దాదాపు ఒక్కతీరుననే యుండవచ్చును. గాంధీమహాత్ముడు 1933లో తనకొక స్వరము వినబడెననియు, అది మనుష్యస్వరమువలె స్పష్టముగ నుండెననియు, దాని యాజ్ఞచేతనే 21 దినముల యుపవాసమునకు పూనుకొంటిననియు హరిజన పత్రికలో వ్రాసెను. సంశయాత్ములను ఒప్పించుటకు తనయొద్ద ప్రమాణము లేదనియు, అది తన భ్రమ యని యనువారిని కాదనలేననియు ఆయనయే యొప్పుకొనెను. మే 8వ తేదీన ఉపవాసము ప్రారంభించెను. నేటి నాడీవైద్యుడు ఆ రాత్రి ఆయన శిరస్సునకు యంత్రము తగిలించియున్నచో ఏమి కనబడెడిదో ఊహింపవచ్చును. ఒక స్వరము పుట్టు తావు మేల్కొనియుండును, అంతియే. మేము చూచునది వేఱు. ఆ స్వరము విధించిన కష్టము ఎవరి దేహముమీద పడినది? విన్నవాని దేహముమీదనే పడినది.

అంతకు పదునొకండేండ్ల ముందటి వృత్తాంతము దీనికి తోడు. 1922 ఫిబ్రవరిలో గోరఖ్‌పూరు జిల్లా చౌరీచౌరాలో జనసమూహము ఠాణాకు నిప్పు పెట్టగా 22గురు పోలీసులు చనిపోయిరి. గాంధి అచ్చట లేడు, ఆజ్ఞాపింపలేదు, అహింసను బోధించుచునే యుండెను. ఏ న్యాయస్థానమైనను ఆయనను కర్త యని నిరూపింపజాలకుండెడిది. ఆయన ఉద్యమమును నిలిపివేసెను. గుంటూరుమండలమున పెదనందిపాడు రైతులు పన్ను కట్టక ధీరులై నిలిచియున్న దినములవి. ఉద్యమము ఆగుట వారికెట్లుండెనో ఆంధ్రులకు వేఱుగ చెప్పనక్కరలేదు. మార్చి 18వ తేదీన అహమదాబాదు న్యాయస్థానమున, చౌరీచౌరా, బొంబాయి, మద్రాసు నేరములనుండి తన్ను తాను విడదీసికొనజాలనని చెప్పి, అత్యధికశిక్షను విధింపుమని ఆయన కోరెను. ఆఱేండ్ల శిక్ష పడెను. తన చేయి కదలని కార్యమునకు కర్తృత్వమును మీద వేసికొన్నవాడు, అంతర్వాణి చెప్పెనని పలికినను మేము వినుటకు సిద్ధముగ నున్నాము. తన చేయి కదలిన కార్యమునకు కర్తృత్వమును దేవునిమీదికి నెట్టువాని యంతర్వాణిని గూర్చి మాకు సందేహము కలదు.

ఈ విచారమునకు వేఱొక ప్రక్క యున్నది. దానినిగూర్చి తక్కువగ మాటలాడుచున్నాము. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి యాలయమున, ఆషాఢమాసపు బోనముల మఱునాడు జరుగు రంగమున, పచ్చికుండమీద నిలిచిన స్త్రీ భవిష్యవాణి పలుకును. ఆ పలుకులు ఆమెవి కావు, అమ్మవారివని జనులు చెవులొగ్గి విందురు. అచ్చట అన్యస్వరము పిలిచిన వేళకు వచ్చును, వేళ తీఱగనే పోవును. ఊరు దానిని గౌరవించును. మఱి వేళ లేకుండ వచ్చి, పోవుమన్నను పోక, అన్నము తినవలదనియు, నూతిలో దూకుమనియు చెవిలో నూఱిపోయు స్వరమో? తన చేతిని ఎవరో కదల్చుచున్నారని, తన తలపులను ఎవరో పెట్టుచున్నారని యొక యువకుడు మొఱపెట్టినప్పుడు మనము చేయుచున్నదేమి? పూనకమని, చేతబడియని, గాలి సోకినదని వేపమండలతో కొట్టించుచున్నాము. దఫ్తరులో నకలు గల్లంతైనదని పైని చెప్పిన స్థితి యిదియే యని శాస్త్రజ్ఞులు పెక్కుమంది భావించుచున్నారు. వాని స్వరమే వానికి పరస్వరమైనది. దీనికి మందులున్నవి. మన సర్పగంధవేరు ఉన్మాదమును శమింపజేయునని గణనాథసేన్, కార్తికచంద్రబోసులు 1931లోనే కలకత్తానుండి ప్రకటించిరి. 1952 మొదలు ఫ్రాన్సులో వాడబడిన క్లోర్‌ప్రోమజైనుతో చికిత్సయందు క్రొత్తయుగమే వచ్చెను.

అయినను 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవాఱుజామున, తమిళనాడున రామనాథపురము జిల్లా ఎర్వాడిలో, దర్గాచేరువ నొక ప్రైవేటుగృహపు పాకకు నిప్పంటుకొన్నప్పుడు, గొలుసులతో కట్టబడియున్న 28మంది మనోరోగులు లేచి పరుగెత్తజాలక ప్రాణములు విడిచిరి. వారిని అచ్చట విడిచినది శత్రువులు కారు; నయమగునను ఆశతో ఇంటివారే తెచ్చి విడిచిరి. దర్గాలయొద్దనే కాదు, దేవాలయముల మండపములయొద్దను ఇట్టి గొలుసులను జనులు చూచుచునే యుండిరి. 2017లో చేయబడి 2018 మే నెలనుండి అమలులోనికి వచ్చిన మానసికారోగ్యచట్టము తన 95వ ప్రకరణమున, మనోరోగిని ఏ విధముగనైనను గొలుసుతో బంధించుటను నిషేధించినది. చట్టపుపుస్తకము పశువులకొట్టము వఱకు నడచిపోదు.

చదువుకొన్న యిండ్లలో ఈ విషయమున నున్న సిగ్గు పల్లెలోని మూఢనమ్మకముకంటె తక్కువది కాదు. ఎఱ్ఱగడ్డ యనినచో హైదరాబాదువారికి పరిహాసము. విశాఖపట్టణపు ఆసుపత్రిపేరు ఉత్తరాంధ్రులకు తిట్టు. సంబంధము చెడునని రోగమును దాచుదురు. దాచినకొలది రోగము ముదురును. జిల్లాలలోనే ఈ చికిత్స జరుగవలెనని 1996లో ప్రభుత్వము ఒక పథకమును ప్రారంభించినది. తన చేయి తనది కాదని చెప్పువాడెవడైనను మీ వీధిలో నున్నచో, వాడు అబద్ధమాడుట లేదు. వానికి తోచుచున్నదానినే వాడు చెప్పుచున్నాడు. వానిచేత కాదనిపించుటకు కొట్టనక్కరలేదు, అవుననిపించుటకు ముడుపు కట్టనక్కరలేదు. జిల్లా ఆసుపత్రి వఱకు తోడు పోవుటకు ఒక పూట పట్టును.